రాయబారే తీర్పరి

మన పేగుల్లో కాపురముండే ఇ.కోలి బ్యాక్టీరియాకు విటమిన్ బి12ను సొంతంగా తయారుచేసుకోవడం చేతకాదు. బయట ఎక్కడైనా దొరికితే లోపలికి లాక్కోవాలి. ఆ పనికోసం తన పైపొరలో బీటీయూబీ అనే ప్రోటీన్‌ను అమర్చుకుంటుంది. లోపల బి12 చాలినంత ఉన్నప్పుడు కూడా ఆ ప్రోటీన్‌ను చేసుకుంటూ పోతే దండగ. దండగే కాదు, ప్రమాదం కూడా. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లలో కొన్ని ఇదే ప్రోటీన్‌ను పట్టుకుని లోపలికి చొరబడతాయి. అందుకే బి12 నిల్వ పెరగ్గానే ఇ.కోలి ఆ తయారీని తగ్గించేస్తుంది. మరి నిల్వ పెరిగిందని గుర్తిస్తున్నది ఎవరు? ఎక్కడో ఒక కాపలా ప్రోటీన్ ఉంటుందని, అది బి12ను పట్టి చూసి జన్యువు నోరు నొక్కేస్తుందని శాస్త్రవేత్తలు ఊహించారు. ఎంత వెతికినా అలాంటి ప్రోటీన్ దొరకలేదు. తీరా తేలింది ఏమిటంటే, జన్యువు నుంచి ప్రోటీన్ తయారయ్యే చోటికి కబురు మోసుకెళ్లే రాయబారి ఆర్‌ఎన్‌ఏయే బి12ను స్వయంగా పట్టుకుని చూసి, ఆ కబురు చెప్పాలో మానాలో తేలుస్తోంది. ఇలా చిన్న అణువులను పసిగట్టి జన్యువు పనిని నడిపే ఆర్‌ఎన్‌ఏ భాగాలనే రైబోస్విచ్‌లంటారు. వీటి ప్రస్తావన వచ్చినప్పుడల్లా జీవం పుట్టిన తొలిరోజుల అవశేషాలని చెప్పడం పరిపాటి. అందులో నిజం లేకపోలేదు గానీ, అది సగం నిజమే. పాతకాలపు సరుకు కాబట్టి ఇవి మిగిలిపోయాయనే కంటే, ఇప్పటికీ తమ పనిని పొదుపుగా, సమయానికి చేస్తున్నాయి కాబట్టి నిలిచాయనడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

ప్రోటీన్ కోసమే వెతకడంలో తెలివితక్కువతనమేమీ లేదు. పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్రాన్సువా జాకబ్, జాక్ మోనో 1961లో జన్యు నియంత్రణ సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చినప్పుడు, జన్యువును అణచిపెట్టే పదార్థం ఆర్‌ఎన్‌ఏ కావచ్చనే అనుకున్నారు. 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో మ్యూలర్-హిల్ ఆ పదార్థాన్ని వేరుచేసి చూస్తే అది ప్రోటీన్ అని తేలింది. మరుసటి ఏడాది మార్క్ టాష్నీ ఒక వైరస్‌లోనూ అలాంటి ప్రోటీన్‌నే పట్టుకున్నాడు. అక్కడినుంచి డీఎన్‌ఏ దాస్తుంది, ఆర్‌ఎన్‌ఏ మోస్తుంది, ప్రోటీన్ నిర్ణయిస్తుంది అన్న పని విభజన పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిపోయింది. రసాయనశాస్త్రం కూడా ఆ మాటనే బలపరిచింది. ప్రోటీన్ చేతిలో ఇరవై రకాల అమైనో ఆమ్లాలున్నాయి: నీటిని కోరేవి, నీటికి దూరంగా ఉండేవి, ధనావేశం ఉన్నవి, రుణావేశం ఉన్నవి. ఆర్‌ఎన్‌ఏకు ఉన్నవి నాలుగు అక్షరాలు, పొడుగునా రుణావేశం నిండిన ఒక గొలుసు. ఇంత తక్కువ సరంజామాతో ఒక విటమిన్‌ను దాని సోదర అణువుల నుంచి వేరుచేసి గుర్తుపట్టడం సాధ్యమని ఎవరూ గట్టిగా నమ్మకపోవడంలో వింత లేదు.

ఆ నమ్మకానికి బీటలు ఒక్కరోజులో పడలేదు. థామస్ చెక్, సిడ్నీ ఆల్ట్‌మన్ 1980ల తొలినాళ్లలో ఆర్‌ఎన్‌ఏ ఎంజైమ్‌లా పనిచేయగలదని నిరూపించి, 1989లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఆర్‌ఎన్‌ఏ కబురు మోసే కూలీ మాత్రమేనన్న మాట అక్కడే వీగిపోయింది. 1990లో రెండు ప్రయోగశాలలు విడివిడిగా, లెక్కలేనన్ని ఆర్‌ఎన్‌ఏ వరుసల్లోంచి కోరిన అణువును అంటిపెట్టుకునేవాటిని ఏరి తీయవచ్చని చూపించాయి. ఇదంతా గాజుగొట్టాల్లో మనిషి చేయించిన పని. ప్రకృతి కూడా అదే చేస్తోందనే ఆనవాళ్లు బ్యాక్టీరియా జన్యువుల్లో బయటపడటం ఆ తర్వాతి ముచ్చట. 1998లో ఫ్రాంక్ గ్రండీ, టీనా హెంకిన్ బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే మట్టి బ్యాక్టీరియాలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలతో ముడిపడిన 11 జన్యు సముదాయాల ముందు ఒకేలాంటి ఆర్‌ఎన్‌ఏ వరుసను గమనించారు. 1999లో మిఖాయిల్ గెల్ఫాండ్ బృందం రష్యాలో రైబోఫ్లేవిన్, అంటే బి2 విటమిన్ తయారీ జన్యువుల ముందు మరో వరుసను గుర్తించింది. దూరపు చుట్టాలైన బ్యాక్టీరియాల్లో కూడా అది ఇంచుమించు మారకుండా ఉంది. 2000లో వర్జీనియాలో రాబర్ట్ కాడ్నర్ ప్రయోగశాల, బి12 సహఎంజైమ్, అంటే కణం వాడుకునే బి12 రూపం సమక్షంలో బీటీయూబీ ఆర్‌ఎన్‌ఏను, కబురు చదివి ప్రోటీన్‌ను తయారుచేసే రైబోజోమ్ పట్టుకోలేకపోతోందని చూపించింది. ఎవరో అడ్డుపడుతున్నారని తెలుస్తూనే ఉంది. ఆ అడ్డుపడేది ఆర్‌ఎన్‌ఏయేనా అన్న అనుమానం 2001 నాటికి పత్రికల్లో బాహాటంగా అచ్చయింది.

2002 చివరి నెలల్లో జవాబు వచ్చింది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ బ్రేకర్ బృందం బి12, బి1 సహఎంజైమ్‌ల విషయంలోనూ, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఎవ్‌గెనీ నడ్లర్ బృందం బి1, బి2 సహఎంజైమ్‌ల విషయంలోనూ, మధ్యలో ఏ ప్రోటీన్ సాయమూ లేకుండా ఆర్‌ఎన్‌ఏ నేరుగా వాటిని పట్టుకుంటోందని రుజువు చేశాయి. యేల్ బృందం వాడిన పరీక్ష చాలా సాదాగా ఉంటుంది. ఆర్‌ఎన్‌ఏ స్వతహాగా పెళుసు. వదులుగా కదలాడే చోట్ల దాని గొలుసు తనంతట తానే నెమ్మదిగా తెగిపోతుంది, బిగుతుగా మడతపడిన చోట్ల తెగదు. ఆర్‌ఎన్‌ఏను మెగ్నీషియం ఉన్న కొద్దిపాటి క్షార ద్రావణంలో 25 డిగ్రీల వేడిలో సుమారు 40 గంటలు వదిలేస్తారు. తర్వాత తెగిన ముక్కలను జెల్‌లో పొడవు ప్రకారం విడదీస్తే ఎక్కడెక్కడ తెగిందో వరుసగా గీతలు పడతాయి. ఇదే పనిని విటమిన్ కలిపి మరోసారి చేస్తే కొన్ని గీతలు మాయమవుతాయి, కొన్ని కొత్తగా తేలతాయి. ఆ గొట్టంలో ఉన్నవి ఆర్‌ఎన్‌ఏ, లవణాలు, విటమిన్, అంతే. కాబట్టి మడత మార్చినది విటమినే, మారినది ఆర్‌ఎన్‌ఏయే. విటమిన్‌ను కొద్దికొద్దిగా పెంచుతూ పోతే ఎంత మోతాదు దగ్గర మడత మారుతోందో కూడా అందులోనే తెలిసిపోతుంది. థయామిన్ పైరోఫాస్ఫేట్, అంటే కణం వాడుకునే బి1 రూపాన్ని ఇ.కోలి ఆర్‌ఎన్‌ఏ మామూలు థయామిన్ కంటే సుమారు వెయ్యి రెట్లు గట్టిగా పట్టుకుంటుందని బయటపడింది. ఈ రెండు అణువుల మధ్య తేడా రెండు ఫాస్ఫేట్ గుంపులే. నాలుగు అక్షరాల గొలుసుకు ఇంత చూపు ఉంటుందని అంతకు ముందు ఎవరూ పందెం కట్టి ఉండరు.

రైబోస్విచ్‌లో రెండు భాగాలుంటాయి. మొదటిది అణువును పట్టుకునే జేబు, రెండోది ఆ పట్టును బట్టి జన్యువు నడకను మార్చే మడత. ఇవి రెండూ ప్రోటీన్ సమాచారం మొదలయ్యే చోటికి ముందుండే ఆర్‌ఎన్‌ఏ భాగంలో ఉంటాయి. రెండింటికీ మధ్య కొన్ని అక్షరాలు ఉమ్మడిగా ఉండటమే ఇందులోని కీలకం. ఆ అక్షరాలు జేబు గోడలో జతకడితే రెండో భాగానికి దొరకవు, రెండో భాగంలో జతకడితే జేబు విడిపోతుంది. చాలా బాసిల్లస్ జన్యువుల్లో ఈ రెండో భాగం నకలు తీసే పనిని మధ్యలోనే ఆపుతుంది. అక్కడ ఒక గట్టి మడత ఏర్పడి, దాని వెంట వరుసగా యూ అక్షరాలు రాగానే, ఆర్‌ఎన్‌ఏను తయారుచేసే పాలిమరేజ్ ఎంజైమ్ డీఎన్‌ఏను వదిలేసి వెళ్లిపోతుంది. ఇ.కోలిలో ఎక్కువగా రైబోజోమ్ కూర్చోవలసిన చోటు మడతలో దాగిపోతుంది. కబురు పూర్తిగా తయారైనా దాన్ని చదివేవారుండరు. ఇంటి మీది నీళ్ల ట్యాంకులో తేలే బంతి నీరు నిండగానే పైకి లేచి గొట్టాన్ని మూసేసినట్టే ఇది కూడా: కొలిచేదీ అదే, మూసేదీ అదే, మధ్యలో చూసి చెప్పే మనిషి అక్కర్లేదు. ప్రోటీన్ కాపలాదారును పెట్టుకోవాలంటే దానికి ఒక జన్యువు, ఆ జన్యువుకో ఆర్‌ఎన్‌ఏ, దాన్ని చదివే రైబోజోమ్ శ్రమ, తయారైన ప్రోటీన్ కణమంతా తిరిగి తన డీఎన్‌ఏ చోటును వెతుక్కోవడం, ఇన్ని ఖర్చులున్నాయి. రైబోస్విచ్‌కు అయ్యే ఖర్చు కబురు ముందు ఓ వంద, రెండొందల అక్షరాలు. కబురు ఉన్నచోటే స్విచ్ ఉంటుంది, కబురు తయారైనప్పుడే తయారవుతుంది.

పొదుపు ఒక్కటే అయితే వాదన బలహీనమే. రెండో ఆధారం సమయపాలనలో ఉంది. పాలిమరేజ్ ఆర్‌ఎన్‌ఏను ఒక చివర నుంచి సెకనుకు కొన్ని పదుల అక్షరాల చొప్పున అల్లుకుంటూ వస్తుంది. ముందుగా బయటికి వచ్చేది జేబు, ఆ తర్వాత ఆపే మడత. జేబు తయారైన క్షణం నుంచి పాలిమరేజ్ ఆపుదల చోటు దాటే క్షణం వరకే తీర్పుకు గడువు. ఆ గడువులో అణువు వచ్చి చేరితే ఒక దారి, చేరకపోతే మరో దారి. యేల్‌లో 2005లో బి2 సహఎంజైమ్‌ను పసిగట్టే స్విచ్‌పై చేసిన అధ్యయనంలో, ఈ స్విచ్ తీర్పు ప్రధానంగా అణువు వచ్చి అంటుకునే వేగం మీద ఆధారపడి ఉందని, నింపాదిగా కూర్చుని సమతౌల్యానికి వచ్చేంత తీరిక దానికి ఉండదని తేలింది. పాలిమరేజ్ కొన్ని నిర్దిష్ట చోట్ల కాస్త ఆగి మళ్లీ కదులుతుంది. ఆ ఆగడం వల్ల జేబుకు కొంచెం అదనపు వ్యవధి దొరుకుతుంది. అంటే స్విచ్ ఎంత మోతాదుకు స్పందించాలన్నది జేబు బిగువును మార్చకుండానే, ఆగే చోట్లను, మధ్య అక్షరాల పొడవును మార్చి సవరించుకోవచ్చు. పరిణామక్రమం చేతికి ఇంత సులువుగా తిప్పగలిగే మరలు దొరకడం చిన్న విషయం కాదు. పైగా ఇలా పనిచేసే స్విచ్ ప్రతి కబురు దగ్గరా అప్పటికప్పుడు కొత్తగా నిర్ణయం తీసుకుంటుంది. నిన్నటి తీర్పును పట్టుకుని కూర్చునే పాత ప్రోటీన్‌లంటూ కణంలో మిగలవు.

ఆర్‌ఎన్‌ఏ ఎంత సున్నితంగా గుర్తుపడుతుందో చూడాలంటే గ్వానిన్ స్విచ్ లోపలికి తొంగిచూడాలి. బాసిల్లస్ సబ్‌టిలిస్‌లో ఎక్స్‌పీటీ అనే జన్యువు ముందున్న ఈ ఆర్‌ఎన్‌ఏ స్ఫటిక నిర్మాణం 2004లో వెలువడింది. మూడు మెలికలు కలిసే కూడలిలో జేబు ఉంటుంది, అణువు అందులోకి చేరగానే చుట్టూ గోడలు మూసుకుని దాన్ని దాదాపు పూర్తిగా కప్పేస్తాయి. గ్వానిన్‌ను పట్టుకునేది ప్రధానంగా 74వ అక్షరం. అక్కడ సీ ఉంది. డీఎన్‌ఏలో జీ, సీ జతకట్టినట్టే ఇక్కడా జతకడతాయి. ఇదే మడత ఉన్న మరో స్విచ్‌లో అదే స్థానంలో యూ ఉంది, అది గ్వానిన్‌ను వదిలేసి అడినిన్‌ను పట్టుకుంటుంది. ఒక్క అక్షరం మారితే పట్టుకునే అణువే మారిపోయింది. ఆ అడినిన్ స్విచ్ ముందున్నది అడినిన్ వంటి ప్యూరిన్లను బయటికి తోసే పంపు జన్యువు. కాబట్టి అడినిన్ పెరిగినప్పుడు ఇది జన్యువును తెరుస్తుంది, గ్వానిన్ స్విచ్ మాత్రం గ్వానిన్ పెరిగినప్పుడు మూస్తుంది. జేబు దాదాపు అదే, దానికి తగిలించిన రెండో భాగం వేరు. ఒకే జేబును ఇలా తెరవడానికీ మూయడానికీ వాడుకోగలగడం అక్కరకొచ్చే గుణం. ఎప్పుడో తయారై అలాగే గడ్డకట్టిపోయిన వస్తువుకు ఆ గుణం ఉండదు.

ఇక్కడ ఒక గట్టి ఆక్షేపణ వస్తుంది. గాజుగొట్టంలో అంటుకున్నంత మాత్రాన కణంలో కూడా అదే జరుగుతోందని ఎలా చెప్పగలం? ఈ ప్రశ్న అడగవలసిందే. 2012లో వైడీఏఓ అనే బాసిల్లస్ జన్యువు ముందున్న ఆర్‌ఎన్‌ఏ ఏటీపీని పసిగడుతోందని ఒక పరిశోధన ప్రకటించింది. మరుసటి ఏడాదే ఆ స్విచ్ అసలు పట్టుకునేది బ్యాక్టీరియా సంకేతంగా వాడే సైక్లిక్ డై-ఏఎంపీ అనే వేరే అణువునని, ఏటీపీ కంటే దాన్ని ఎన్నో రెట్లు గట్టిగా పట్టుకుంటుందని బ్రేకర్ బృందం చూపించింది. ఒక్క పరీక్షను నమ్ముకుంటే ఇలా దారి తప్పే ప్రమాదం ఉంది. కాబట్టి నమ్మదగిన రైబోస్విచ్‌లన్నీ మూడు నాలుగు వేర్వేరు ఆధారాల మీద నిలబడతాయి. మడతలో ఒక పక్క అక్షరాన్ని మారిస్తే జత చెడి, కణంలో నియంత్రణ పోతుంది. ఎదుటి అక్షరాన్ని కూడా తగ్గట్టు మారిస్తే జత కుదిరి, నియంత్రణ తిరిగొస్తుంది. నడ్లర్ బృందం శుద్ధిచేసిన పాలిమరేజ్ తప్ప మరే ప్రోటీనూ లేని చోట, సహఎంజైమ్ కలిపితే నకలు తీయడం మధ్యలో ఆగడాన్ని చూసింది. వీటికి తోడు పాత సాక్ష్యం ఒకటుంది. రైబోఫ్లేవిన్‌ను పోలిన రోజియోఫ్లేవిన్ అనే విషాన్ని తట్టుకునే బాసిల్లస్ రకాలను అంతకు ముందే పరిశీలిస్తే, వాటిలో కొన్నింటి మార్పులు ప్రోటీన్ సమాచారంలో కాక దానికి ముందున్న ఖాళీ భాగంలో కనిపించాయి, ఆ రకాలు రైబోఫ్లేవిన్‌ను అతిగా తయారుచేసేవి. ఖాళీ అనుకున్న చోట మార్పుకు ఇంత ప్రభావం ఎందుకన్నది 2002 తర్వాతే అర్థమైంది: చెడిపోయినది స్విచ్.

ఇక అవశేషాల వాదన. 1976లో హెరాల్డ్ వైట్, చాలా సహఎంజైమ్‌లలో ఆర్‌ఎన్‌ఏ అక్షరాల్లాంటి భాగాలున్నాయని గుర్తుచేసి, ప్రోటీన్‌లు రాకముందు ఆర్‌ఎన్‌ఏ ఎంజైమ్‌లే జీవక్రియలను నడిపించి ఉంటాయని, ఈ సహఎంజైమ్‌లు ఆ కాలపు మిగులని అన్నాడు. 1986లో వాల్టర్ గిల్బర్ట్ ఆ దశకు ఆర్‌ఎన్‌ఏ ప్రపంచమని పేరుపెట్టాడు. బి1, బి2, బి12 సహఎంజైమ్‌లను, ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌ను పట్టుకునే రైబోస్విచ్‌లు వరుసగా బయటపడేసరికి ఆ ఊహకు ప్రాణం లేచొచ్చింది. బి1 స్విచ్ బ్యాక్టీరియాలోనే కాక ఆర్కియాలో, శిలీంధ్రాల్లో, మొక్కల్లో కూడా ఉంది. అంత విస్తృతంగా ఉన్నదాన్ని చాలా పాతదనడంలో తప్పు లేదు. మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల కృత్రిమంగా తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం గుర్తుండే ఉంటుంది. కణంలో దాని క్రియాశీల రూపమైన టెట్రాహైడ్రోఫోలేట్‌కు కూడా ఒక రైబోస్విచ్ ఉన్నట్టు 2010లో తెలిసింది. అయితే వారసత్వమే కారణమైతే ఒక అణువుకు ఒకే రకం స్విచ్ ఉండాలి. ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌ను పట్టుకునే స్విచ్‌లలో కనీసం మూడు పూర్తిగా వేర్వేరు మడతలు కనిపిస్తున్నాయి. ఒకే అవసరానికి ఆర్‌ఎన్‌ఏ పలుమార్లు కొత్తగా పరిష్కారం కనిపెట్టిందని దీని అర్థం. ప్రీక్యూ1 అనే అణువును తీసుకోండి. ఇది బ్యాక్టీరియా మాత్రమే మొదటినుంచి తయారుచేసుకోగల ఒక పదార్థానికి ముడిసరుకు. దాన్ని పట్టుకునే జేబు 34 అక్షరాల్లో సరిపోతుంది. అంత చిన్న వరుస పరిణామక్రమంలో కొత్తగా పుట్టడం ఏమంత కష్టం కాదు. కొన్ని స్విచ్‌లు పాతవి కావచ్చు, కొన్ని తర్వాత వచ్చినవి కావచ్చు. రెండు రకాలనూ నిలబెడుతున్నది ఒకే కారణం, అవి ఈరోజు చేస్తున్న పని.

ఆర్‌ఎన్‌ఏ స్విచ్‌లు మరీ మొరటువని, తెరవడం మూయడం తప్ప చిక్కుముళ్లు విప్పలేవని కొందరంటారు. 2006లో బాసిల్లస్ క్లాసీ అనే బ్యాక్టీరియాలో కనిపించిన ఏర్పాటు దీనికి జవాబు. అక్కడ మిథియోనిన్ తయారుచేసే ఒక ఎంజైమ్ జన్యువు ముందు రెండు రైబోస్విచ్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఉన్నాయి. ఒకటి ఎస్-అడినోసిల్ మిథియోనిన్‌ను, రెండోది బి12 సహఎంజైమ్‌ను చూస్తుంది. మొదటిది పుష్కలంగా ఉంటే ఈ ఎంజైమ్ అక్కర్లేదు. రెండోది ఉన్నా అక్కర్లేదు, ఎందుకంటే బి12తో పనిచేసే మరింత సమర్థమైన ఎంజైమ్ ఆ కణం దగ్గర వేరే ఉంది. రెండింటిలో ఏది ఉన్నా జన్యువు మూతపడుతుంది, రెండూ లేనప్పుడే తెరుచుకుంటుంది. కంప్యూటర్ చిప్‌లో నార్ గేట్ చేసే తర్కం సరిగ్గా ఇదే. 2004లో బయటపడిన జీఎల్‌ఎంఎస్ స్విచ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. బ్యాక్టీరియా గోడకు కావలసిన ఒక చక్కెర ఫాస్ఫేట్ పెరిగినప్పుడు అది మడత మార్చడంతో ఊరుకోకుండా, ఎంజైమ్‌లా తన గొలుసును తానే కోసేసుకుని కబురును నాశనం చేస్తుంది.

ఆర్‌ఎన్‌ఏ సత్తాకు అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఫ్లోరైడ్. నల్గొండ ప్రజలకు ఈ పేరు పరిచయం చేయనక్కర్లేదు. వంగిన ఎముకలు, మచ్చపడిన పళ్లు అక్కడి తరాలకు ఆ అయాన్ మిగిల్చిన గుర్తులు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే విధానానికి నల్గొండ పద్ధతి అని ఆ జిల్లా పేరే పెట్టారు. బ్యాక్టీరియాకు కూడా ఫ్లోరైడ్ విషమే. ఎక్కువైనప్పుడు దాన్ని బయటికి పంపే ప్రోటీన్ జన్యువు ముందు ఒక రైబోస్విచ్ ఉందని 2012లో బ్రేకర్ బృందం ప్రకటించినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు. ఫ్లోరైడ్‌కు ఉన్నది రుణావేశం, ఆర్‌ఎన్‌ఏ గొలుసు నిండా ఉన్నదీ రుణావేశమే. రెండూ ఒకదాన్నొకటి నెట్టుకోవాలి. అదే ఏడాది దిన్‌షా పటేల్ బృందం నిర్మాణాన్ని చూసి చిక్కు విప్పింది. ఆర్‌ఎన్‌ఏ తన ఫాస్ఫేట్‌లతో మూడు మెగ్నీషియం అయాన్లను ఒకచోట పట్టి నిలుపుతుంది, ఆ మూడింటి నడుమ ఫ్లోరైడ్ ఒదిగిపోతుంది. క్లోరైడ్ దానికంటే పెద్దది కాబట్టి అందులో పట్టదు. ఇది జీవక్రియలో తయారయ్యే అణువు కాదు, సహఎంజైమ్ కాదు. రాళ్లలోంచి నీటిలోకి దిగే ఖనిజ అయాన్. ఆర్‌ఎన్‌ఏ తనకు లేని ధనావేశాన్ని మెగ్నీషియం దగ్గర అరువు తెచ్చుకుని ఈ పని చేసింది.

ఈ స్విచ్‌ను మనుషులు వాడుకోవడం కూడా మొదలైంది. అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన జూలియస్ లక్స్ బృందం 2020లో, బ్యాక్టీరియా కణాల సారాన్ని ఎండబెట్టి అందులో ఫ్లోరైడ్ స్విచ్ ఉన్న డీఎన్‌ఏను కలిపి ఒక పరీక్ష తయారుచేసింది. అందులో నీటి చుక్క వేస్తే చాలు. ఫ్లోరైడ్ తగినంత ఉంటే స్విచ్ తెరుచుకుని ఒక ఎంజైమ్ తయారవుతుంది, రంగు పసుపుకు మారుతుంది. కోస్టారికాలో ఊళ్ల నీటి మీద దాన్ని పరీక్షించి చూశారు. అయితే అది నమ్మకంగా గుర్తించినది లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైన. మన తాగునీటి ప్రమాణం ప్రకారం ఉండదగినది 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఆ మధ్య తేడాలోనే మన ఊళ్లు ఎన్నో ఉంటాయి కాబట్టి, ఇంకా సున్నితంగా మారితే తప్ప ఈ పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు. పాలిమరేజ్ ఆగే చోట్లు, మధ్య అక్షరాల పొడవు మార్చి స్విచ్ మోతాదును సవరించవచ్చని తెలిసిన తర్వాత, ఆ దిశగా ప్రయత్నించడానికి దారైతే ఉంది.

మరి ఇంత మంచి సాధనమైతే మనుషుల్లో, జంతువుల్లో ఎందుకు లేదన్న ప్రశ్న సహజం. మనిషిలో ఇంతవరకు నిర్ధారణ అయిన జీవక్రియా రైబోస్విచ్ లేదు. దీనికి జవాబు కణం కట్టుబడిలో వెతకాలి. బ్యాక్టీరియాలో కేంద్రకం లేదు. కబురు తయారవుతూ ఉండగానే రైబోజోమ్ దాన్ని చదవడం మొదలుపెడుతుంది, ఒకే కబురులో వరుసగా అనేక జన్యువులుంటాయి. కాబట్టి కబురు ముఖద్వారంలో ఒక స్విచ్ పెడితే మొత్తం తయారీ బాట చేతికి వస్తుంది. మన కణాల్లో కబురు కేంద్రకంలో తయారై, కత్తిరింపులకు లోనై, బయటికి వచ్చి, ఆ తర్వాత గానీ చదవబడదు. ఒక్కో కబురుకు ఒక్కో జన్యువే. అయినా మొక్కల్లో, శిలీంధ్రాల్లో బి1 స్విచ్ బతికే ఉంది. అది ఆపుదల మడతను వదిలేసి, కబురు కత్తిరింపును మార్చే పనికి కుదురుకుంది. న్యూరోస్పోరా అనే బూజులో, అరాబిడోప్సిస్ మొక్కలో ఆ తీరు 2007లో స్పష్టమైంది. అంటే జంతువుల్లో రైబోస్విచ్ లేకపోవడం ఆర్‌ఎన్‌ఏ అసమర్థతకు గుర్తు కాదు. పని చేసే పరిస్థితులు ఉన్నచోట అది నిలుస్తుంది, కొత్త పరిస్థితులకు తగ్గట్టు మారగలిగిన చోట మారుతుంది. అనేక జన్యువులను ఒకేసారి కదిలించాల్సిన చోట, వేళ్లమీద లెక్కించలేనన్ని సంకేతాలను కలిపి తూచాల్సిన చోట ప్రోటీన్‌దే పైచేయి అని ఒప్పుకోవడంలో ఈ వాదనకు నష్టమేమీ లేదు.

మనలో లేకపోవడమే వైద్యానికి కలిసొచ్చింది. బ్యాక్టీరియా స్విచ్‌ను మోసగించి మూయించే మందు మన కణాల్లో దానికి ఎదురుపడే స్విచ్ లేనందువల్ల మనకు హాని తక్కువగా ఉండాలి. స్ట్రెప్టోమైసిస్ జాతి బ్యాక్టీరియా ఒకటి తయారుచేసే రోజియోఫ్లేవిన్ ఇంచుమించు ఇదే చేస్తుంది. 2015లో మెర్క్ సంస్థ పరిశోధకులు రైబోసిల్ అనే కృత్రిమ అణువును ప్రకటించారు. వాళ్లు మొదట వెతికింది స్విచ్‌ను పట్టుకునే అణువును కాదు, రైబోఫ్లేవిన్ తయారీని ఆపి బ్యాక్టీరియా పెరుగుదలను అడ్డుకునేదాన్ని. దొరికిన అణువు దేనిమీద పనిచేస్తోందో చూడటానికి దాన్ని తట్టుకున్న బ్యాక్టీరియాను పరిశీలిస్తే, మార్పులు బి2 స్విచ్‌లో కనిపించాయి. రైబోఫ్లేవిన్ సహఎంజైమ్‌తో రైబోసిల్‌కు రసాయన పోలిక పెద్దగా లేకపోయినా అదే జేబులో చక్కగా కూర్చుంటోంది. ఎలుకల్లో ఇన్ఫెక్షన్‌ను తగ్గించింది. దీనికి రెండు అడ్డంకులున్నాయి: ఒక్క అక్షరం మారినా స్విచ్ మందును తప్పించుకోగలదు, బయట రైబోఫ్లేవిన్ దొరికితే బ్యాక్టీరియా తయారీ మానేసి బయటినుంచి తెచ్చుకోగలదు. రెండో అడ్డంకికి కొంత జవాబు దొరికింది. స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో తయారీ జన్యువుల ముందు ఒక బి2 స్విచ్, బయటినుంచి తెచ్చే జన్యువు ముందు మరొకటి ఉన్నాయి. రైబోసిల్ తరహా అణువు రెండింటినీ ఒకేసారి మూయగలదని 2017లో తేలింది. మందుల దుకాణం వరకు ఇంకా ఏదీ రాలేదు. కానీ ఆర్‌ఎన్‌ఏ జేబులోకి మందును గురిపెట్టవచ్చన్న సంగతి ఇక చర్చనీయాంశం కాదు.

ఇప్పటికి 55కు పైగా రకాల రైబోస్విచ్‌లు లెక్కకు వచ్చాయి. పట్టుకునే అణువు ఏమిటో తెలియని వరుసలు ఇంకా చాలా ఉన్నాయి. 2004లోనే కనిపించిన వైకేకేసీ అనే వరుస పట్టుకునేది గ్వానిడిన్‌నని తేలడానికి 2017 దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు ముందు గ్వానిడిన్‌ను ప్రయోగశాల రసాయనంగానే చూసేవారు. స్విచ్ దొరికాకే బ్యాక్టీరియా లోపల అది విరివిగా తిరిగే పదార్థమని అర్థమైంది. 2022లో సోడియం అయాన్‌ను పసిగట్టే స్విచ్ కూడా ఈ జాబితాలో చేరింది. అవశేషాల వాదన ఒక్కటే సరైతే ఈ జాబితా పాత సహఎంజైమ్‌లతో ఆగిపోవాలి. అది ఫ్లోరైడ్, గ్వానిడిన్, సోడియం వైపు సాగుతోంది, అంటే విషాలు, లవణాలు, వ్యర్థాల వైపు. ఇకముందు దొరికే రకాల్లో కూడా సహఎంజైమ్‌ల కంటే ఇలాంటివే ఎక్కువ ఉంటే, రైబోస్విచ్‌ను నిలబెట్టేది వయసు కాదు పనితనమన్న వాదన గట్టిపడుతుంది. కొత్తవన్నీ పాత సహఎంజైమ్‌లకే చెందినవైతే దాన్ని సవరించుకోవాలి. ఈలోగా, ఒక జన్యువును నియంత్రించే ప్రోటీన్ దొరకలేదంటూ వెతుకులాట పొడిగించే ముందు, ఆ జన్యువు పంపే కబురులోని మొదటి కొన్ని వందల అక్షరాలను పరీక్షించి చూడటం తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం.